తొమ్మిది వందలతో భాగించే ముందు

లండన్ నుంచి న్యూయార్క్‌కు దూరం 5,550 కిలోమీటర్లు, విమాన వేగం గంటకు 900, కాబట్టి ప్రయాణం ఆరు గంటల పది నిమిషాలేనని, టికెట్టు మీద ఎనిమిది గంటలని వేయడం పచ్చి మోసమని చెప్పే సందేశం ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. పంపినవారందరూ చదువుకున్న మిత్రులే. ఒక్కొక్కరికీ విడివిడిగా బదులిచ్చే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

పటం మీద తిన్నగా వెళ్లగలిగిన విమానాలు ఉత్తరానికి వంగి వెళ్లడం ఖర్చు పెంచి చూపడానికేనన్నది మొదటి ఆరోపణ. గ్లోబు మీద ఈ రెండు నగరాల మధ్య దారం బిగించి పట్టుకుంటే, అది ఐర్లాండ్, న్యూఫౌండ్‌లాండ్‌ల మీదుగానే పోతుంది. 5,550 అన్న అంకె ఆ వంపు దారిదే. తాను తప్పుపట్టిన దారి పొడవునే సందేశకర్త తన లెక్కకు వాడుకున్నాడు.

పదకొండింటికి బయలుదేరి రెండింటికి దిగుతారు కనుక ప్రయాణం మూడు గంటలేనన్న వాక్యానికి, గడియారాన్ని అయిదు గంటలు వెనక్కి తిప్పుకోమనడం కంటే జవాబు అక్కర్లేదు.

భూమి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి న్యూయార్కే విమానానికి ఎదురువస్తుందన్నది తరువాతి వాదం. అదే నిజమైతే, భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది కనుక, హెలికాప్టర్‌లో ఒక గంట గాలిలో నిలిచి దిగితే దేశాలు దాటిపోవచ్చు. గాలి కూడా భూమితో పాటే తిరుగుతుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి: ఉష్ణమండలం నుంచి ధ్రువం వైపు కదిలే గాలిని తూర్పుకు మళ్లించేది భూభ్రమణమే, సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి వీచే జెట్ స్ట్రీమ్ అలా ఏర్పడుతుంది. అంటే సంబంధం ఉంది, ఫలితం మాత్రం సందేశం చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకం.

ఇక అసలు ప్రమాదం ఆ భాగహారంలో ఉంది. 900 అన్నది గాలితో పోల్చిన వేగం; ఎదురుగాలి గంటకు 150 కిలోమీటర్లుంటే నేల మీద లెక్కకు వచ్చేది 750 మాత్రమే, అప్పుడు ఆరుంబావు గంటల ప్రయాణం ఏడున్నరకు చేరువవుతుంది. వెనుకగాలి కలిసివచ్చి, 2020 ఫిబ్రవరిలో ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాలలోనే చేరింది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మానిపించి పసిఫిక్ మీదుగా తూర్పుకు నడిపినప్పుడు, దారి దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగి సమయం దాదాపు రెండు గంటలు తగ్గింది. పైగా టికెట్టు మీది సమయంలో రన్‌వే దాకా పాకడం, అక్కడ వరుసలో నిలవడం, దిగాక ఆగే చోటు చేరడం కూడా కలిసే ఉంటాయి. ఆలస్యమైన పేరు రాకుండా సంస్థలు కొన్ని నిమిషాలు అదనంగా వేసుకుంటాయన్నది నిజమే, కాని ఆ కొన్నింటిని రెండు గంటల మోసంగా చూపడానికి మంచి ధైర్యం కావాలి.

ఆ ధైర్యంతోనే, ఆరు గంటల పది నిమిషాలను నమ్మి న్యూయార్క్‌లో తరువాతి విమానానికి టికెట్టు తీసుకోమని సందేశం సలహా ఇస్తోంది. అక్కడ దిగినవారు ఇమిగ్రేషన్ వరుసలో నిలిచి, సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, దాన్ని మళ్లీ అప్పగించాలి. రెండు టికెట్లూ వేర్వేరుగా కొన్నవారికి తప్పిపోయిన విమానం డబ్బు ఏ సంస్థా ఇవ్వనక్కర్లేదు; సందేశం పంపిన మిత్రుడు ఇస్తాడేమో అడిగి చూడవచ్చు.