క్లిప్ చూసి తీర్పులిచ్చేస్తున్న అన్నయ్యలకు

2025 ఏప్రిల్ 16న ఇక్కడ బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2010 సమానత్వ చట్టంలో ‘స్త్రీ’ అంటే పుట్టుకతో స్త్రీ అని. అప్పటి నుంచి మా తెలుగు గ్రూపులో ఓ పాత డాక్యుమెంటరీ ముక్కలు తిరుగుతున్నాయి. ఆడవాళ్ల హక్కులకూ ట్రాన్స్ మనుషుల హక్కులకూ మధ్య గొడవ మీద 2023 మే 30న ఛానెల్ 4లో వచ్చిన ‘జెండర్ వార్స్’. మొత్తం చూసినవాళ్లు ఒక్కరూ తగల్లేదు. అరనిమిషం క్లిప్, కింద నలభై చప్పట్లు.

అందులో క్యాథ్లీన్ స్టాక్ ఉంటారు. పుట్టుకతో వచ్చిన సెక్స్ మారదన్న ఆమె వాదన మీద విద్యార్థుల ఆందోళనల మధ్య 2021లో ససెక్స్ యూనివర్సిటీ ఉద్యోగానికి రాజీనామా చేసిన ఫిలాసఫీ ప్రొఫెసర్. స్టీఫెన్ విటిల్ కూడా ఉంటారు. ట్రాన్స్ పురుషుడు (ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతుకుతున్న మనిషి), లా ప్రొఫెసర్, మారిన జెండర్‌ను చట్టపరంగా గుర్తించే 2004 జెండర్ రికగ్నిషన్ చట్టం కోసం ఏళ్ల తరబడి కొట్లాడిన మనిషి. ఇద్దరూ అరవకుండా మాట్లాడతారు. అందుకేనేమో ఆ భాగాలేవీ క్లిప్పుల్లోకి రాలేదు. డాక్యుమెంటరీ వచ్చిన రోజు సాయంత్రమే ఆక్స్‌ఫర్డ్ యూనియన్ అనే విద్యార్థుల చర్చావేదికలో స్టాక్ మాట్లాడుతుంటే నిరసనగా ఒకరు జిగురు రాసుకుని నేలకు అతుక్కుపోయారు. దాన్ని వాదన అనుకోమంటే నా వల్ల కాదు.

ఆడవాళ్ల భయం ఎవరో కల్పించింది కాదు. వేక్‌ఫీల్డ్ దగ్గర న్యూ హాల్ మహిళా జైలుకు పంపిన ఒక ట్రాన్స్ మహిళ (మగవాడిగా పుట్టి స్త్రీగా బతుకుతున్న ఖైదీ) తోటి ఖైదీల మీద లైంగిక దాడి చేసినట్టు రుజువై 2018లో శిక్ష పడింది. అప్పటికే అలాంటి నేరచరిత్ర ఉన్న మనిషిని అక్కడికి పంపినవాళ్లకు ఏమైంది? జైల్లో ఉన్న ఆడమనిషికి తలుపు తీసుకుని వెళ్లిపోయే వీలు ఉండదు కదా. 2023 ఫిబ్రవరిలో ట్రాన్స్ ఖైదీలను మహిళా జైళ్లకు పంపే రూల్స్‌ను ప్రభుత్వం బిగించింది, మంచిదే. కానీ ఆ కేసు చూపించి, బట్టల షాపు ట్రయల్ రూములో నిలబడ్డ ప్రతి ట్రాన్స్ మహిళనూ అనుమానించమంటే ఒప్పుకోను. జైలు వేరు, అత్యాచార బాధితుల కౌన్సెలింగ్ వేరు, సినిమా హాలు టాయిలెట్ వేరు. మూడింటికీ ఒకటే రూల్ కావాలని రెండు వైపులవాళ్లూ పట్టుబట్టడమే నాకు చిరాకు.

అసలు 2010 చట్టంలోనే దారి ఉంది. తగిన కారణం ఉంటే సేవలను ఆడవాళ్లకు మాత్రమే పరిమితం చేయవచ్చంది. లైంగిక దాడి బాధితుల గ్రూప్ కౌన్సెలింగ్‌లోకి ట్రాన్స్ మహిళను తీసుకోకపోవడాన్ని దాని వివరణలోనే ఉదాహరణగా ఇచ్చారు. ఇన్నేళ్లు దాన్ని చదివే ఓపిక ఎవరికీ లేకపోయింది.

తీర్పుతో కొత్త చిక్కు. 2025 ఏప్రిల్‌లోనే సమానత్వ కమిషన్ ఇచ్చిన తాత్కాలిక సూచనల్లో ట్రాన్స్ పురుషులు మగవాళ్ల టాయిలెట్లు వాడకూడదని, కొన్ని సందర్భాల్లో ఆడవాళ్లవీ వాడనివ్వకపోవచ్చని అప్పట్లో చెప్పారు. మరి గడ్డమున్న విటిల్ గారు ఎక్కడికి వెళ్లాలి? గ్రూపులో అడిగాను. జవాబుగా ఒక గుడ్ మార్నింగ్ గులాబీ వచ్చింది.

ఇక ఆడవాళ్ల రక్షణ అంటూ గుండెలు బాదుకుంటున్న అన్నయ్యల సంగతి. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకూ ట్రాన్స్‌జెండర్లకూ ఉచిత ప్రయాణం పెట్టినప్పుడు, బస్సుల్లో మగాళ్లకు చోటే లేదని మీమ్స్ పంపింది మీరే. ఉగాది ఫంక్షన్‌కి హాలు మాట్లాడినప్పుడు డాన్స్ పిల్లలకీ వాళ్ల అమ్మలకీ బట్టలు మార్చుకోను ఒక గది ఉందా అని అడిగిన మగాడు లేడు. కుర్చీల గుట్ట వెనకాల చీరలు అడ్డం పట్టుకుని మార్చుకున్నాం. మన ప్రైవసీకి ఆరోజు అడ్డం వచ్చింది ఏ ట్రాన్స్ మనిషీ కాదు. వచ్చే నెల పిక్నిక్‌కి ఊరవతల ఏదో పార్కు ఖాయం చేశారట. టాయిలెట్ ఉందో లేదో కనుక్కున్నారా అన్నయ్యా?