అవి చేత్తో రంగులద్దిన బొమ్మలు కావు

వ్యాసం బాగుంది. కానీ బ్రిటన్‌లోని దొరల పెద్ద పెద్ద భవనాల మీద ఎఫ్.ఓ. మోరిస్ తెచ్చిన సంపుటాల్లోని బొమ్మలకు చేత్తో రంగులు వేశారని రాశారు, అది సరికాదు. 1860ల నుంచి వచ్చిన ఆ బొమ్మల్ని యార్క్‌షైర్‌లోని డ్రిఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో బెంజమిన్ ఫాసెట్ చెక్క దిమ్మెలతో రంగుల్లోనే అచ్చువేశాడు. గీసింది అలెగ్జాండర్ లైడన్. ఒక్కో రంగుకు ఒక్కో దిమ్మె. కాగితం ప్రతిసారీ అదే చోట కూర్చోవాలి, వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెడిపోతుంది. లండన్‌కి అంత దూరంలో కూర్చుని ఆ పని చేశాడంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

నా దగ్గర ఒక షీటు ఉంది. భూతద్దం పెట్టి చూస్తే చెట్ల దగ్గర పచ్చరంగు గోడ అంచు దాటి సన్నటి గీతలా కనిపిస్తుంది. కుంచె పని అలా ఉండదు.

ఇంకో మాట. ఫ్రేము కట్టి అమ్ముకోవడానికి ఈ పుస్తకాల్ని పేజీలుగా కోసేస్తున్నారు. నేను కొన్నదీ అలా కోసిందేనని తర్వాత తెలిసి చాలా బాధేసింది. బ్రిటన్‌లో అలాంటి భవనాలు వందల సంఖ్యలో 20వ శతాబ్దంలో కూల్చేశారు. కొన్నింటికి మిగిలింది ఇలాంటి బొమ్మలే. దయచేసి సంపుటం దొరికితే సంపుటంగానే ఉంచండి.