‘నాకేటి రోగమమ్మా’ అన్న మాట వెనుక

మూత్రపిండాల జబ్బు పీడిస్తున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో రక్తపరీక్షకు రమ్మని ఆశా కార్యకర్త పిలిస్తే తరచూ వినిపించే జవాబు ‘నాకేటి రోగమమ్మా, తిరుగుతున్నాను కదా’ అన్నదే. దాన్ని మొండితనమని కొట్టిపారేయడం అన్యాయం. ఒంట్లో ఓపికుంటే జబ్బు లేనట్లేనన్నది తెల్లారగానే జీడిపప్పు కార్ఖానాకు వెళ్లి, గింజల జిడ్డుతో వేళ్లు నల్లబడేదాకా పనిచేసే మనిషి నమ్మకం. మూత్రపిండాల తీరు మాత్రం వేరు. అవి సగానికి పైగా దెబ్బతిన్నా పైకి ఏ బాధా తెలియకపోవచ్చు. కాళ్లు ఉబ్బి, ఆయాసం వచ్చి, అన్నం సహించని నాటికి చాలామందికి డయాలసిసే గతి అవుతుంది.

క్షయను కనిపెట్టేందుకు ఉచితంగా ఛాతీ ఎక్స్‌రే తీస్తామన్నా జనం ఎందుకు రావడం లేదని 1950లలో అమెరికాలో ఆరా తీశారు. క్షయ తమకూ రావచ్చునని, ముందే కనిపెడితే మేలు జరుగుతుందని రెండూ నమ్మినవారిలో 82 శాతం మంది ఎక్స్‌రే తీయించుకోగా, రెండూ నమ్మనివారిలో 21 శాతం మందే తీయించుకున్నారని గాడ్‌ఫ్రీ హాక్‌బామ్ అధ్యయనం తేల్చింది.

ఉద్దానంలో కొరవడింది ముందే కనిపెడితే మేలన్న రెండో నమ్మకమేనని మా అభిప్రాయం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ జబ్బును దగ్గరగా చూసినవారికి అది తమకు రాదన్న ధీమా ఎక్కడిది? ఏళ్ల తరబడి పరిశోధించినా ఇదమిత్థమైన కారణం తేలని రోగం, బయటపడితే పిల్లల పెళ్లి సంబంధాలు చెడతాయేమోనన్న దిగులు, వారానికి రెండు మూడుసార్లు గంటల తరబడి డయాలసిస్ మంచంపై పడుకునే పక్కింటి మనిషి కళ్లముందుంటే, తెలుసుకుని చేసేదేముందని అనిపించడం సహజం. అలాంటి మనసు సమాచారం వెతకదని కాదు. భయాన్ని చల్లార్చే మాట ఎక్కడ దొరికితే అక్కడికే పోతుంది. ఫోనులో కనిపించిన ఆకు కషాయం, కిరాణా కొట్టులో అడగ్గానే ఇచ్చే నొప్పుల బిళ్ల అలా ఇంట్లోకి వస్తాయి. విచారమేమిటంటే, ఆ బిళ్లలు అదేపనిగా మింగితే దెబ్బతినేవి మూత్రపిండాలే.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది, హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకం వచ్చింది. రెండూ అవసరమైనవే. అయితే మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ అంకె రాసిన కాగితం చేతికిచ్చి పంపేస్తే నమ్మకం మారదు. ఆ అంకెకు అర్థమేమిటో, రక్తపోటును అదుపులో ఉంచి, ఉప్పు తగ్గించి, నొప్పుల బిళ్లలు మానితే జబ్బు ముదరడాన్ని ఎలా నెమ్మదింపజేయవచ్చో కూర్చోబెట్టి వివరించాలి. ఫలితం పదిమందిలో చదవకుండా గోప్యంగా ఉంచాలి. తొలిదశలోనే తెలుసుకుని మందులు వాడుతూ నేటికీ కొబ్బరి తోటకు వెళుతున్నవారు ఇష్టపడితే, వారి చేతనే ఊరి రచ్చబండ దగ్గర చెప్పించాలి.