జాడీలో వ్యవసాయం

1939లో మద్రాసు వచ్చి అడయారులో దిగిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి గారు, పన్నెండేళ్లు దాటిన పిల్లలు పల్లెపట్టున ఉండి, సేద్యం చేసి, పండినదాన్ని తామే అంగడిలో అమ్ముకుని లెక్కలు రాసుకోవాలని భావించారు. వారికి ‘భూమి బిడ్డలు’ అని పేరు కూడా పెట్టారు. ఆ అడయారుకు ఆమడ దూరమైనా లేని వేళచ్చేరిలో, మూడో అంతస్తులో ఉంటున్న మా భూమి బిడ్డకు భూమి లేదు కనుక, మా అమ్మ నెల్లూరు నుంచి తెచ్చుకున్న ఆవకాయ జాడీ దొరికింది. అడుగు బీటవారింది కాబట్టి నీరు నిలవదని వాడే కనిపెట్టాడు.

వాడు చదివే మాంటిస్సోరి బడిలో ఈ ఏడాది తలా ఒక చిన్న వ్యాపారం చేయాలట. మావాడు వంటింటి తుక్కుతో వానపాముల ఎరువు చేసి అమ్ముతానన్నాడు. ‘పిల్లలు పని చేస్తుంటే పెద్దలు చేయి పెట్టరాదు’ అని బడివారు పంపిన చీటీని ఫ్రిజ్‌కు అంటించి, తడిపిన కొబ్బరిపొట్టులో అరకిలో వానపాములను వదిలాడు.

నేను చేయి పెట్టలేదు. పొట్టు ఎండినట్టుందని ఒక చెంబెడు నీళ్లు మాత్రం పోశాను. పాపం, ఆకలి మీద ఉంటాయని నేను తిన్న బత్తాయిల తొక్కలు సన్నగా తరిగి వేశాను. రెండు నెలల కరెంటు బిల్లు కళ్లముందు మెదలగా, బాల్కనీలో రాత్రంతా వెలుగుతున్న లైటు ఆర్పేశాను.

తెల్లవారుజామున తులసికుండ దగ్గరకు కళ్లజోడు లేకుండా వెళ్లిన మా అమ్మ కేక పెట్టింది: “ఒరేయ్, ముగ్గు చుట్టూ దిద్దిన కావిగీతలు నడుస్తున్నాయిరా!”

మావాడు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. జాడీలో వేలు పెట్టి ఒక బత్తాయి తొక్క తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, నావైపు చూశాడు. పులుపు వాటికి పడదనీ, తడి ఎక్కువైతే ఊపిరాడదనీ, వెలుతురు గిట్టదు కాబట్టే కొత్తచోట అలవాటు పడేదాకా లైటు వేసి ఉంచితే పొట్టులోంచి బయటకు రావనీ, చిన్నపిల్లలకు చెప్పినంత ఓపికగా చెప్పాడు. తర్వాత ఒక వానపామును తడి అట్టముక్క మీదికి మెల్లగా ఎక్కించి జాడీలోకి జార్చి, “ఇలాగ, నాన్నా. మిగతావి నువ్వే చెయ్యి,” అని అట్టముక్క నా చేతికిచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

గంట గడిచింది. నడుము పట్టేసి, “కాస్త సాయం చేయరా,” అన్నాను.

వాడు మాట్లాడకుండా ఫ్రిజ్ వైపు చూపించాడు.