నడుముకు తేలిక, చేతికి కష్టం

అమెరికాలో గ్రీన్ కార్డు వచ్చాక మనవాళ్లలో కొందరు మొదటిసారి తుపాకీ దుకాణం గడప తొక్కుతారు. హెచ్‌-1బీ మీద ఉన్నన్నాళ్లూ ఆ దారి దాదాపు మూసే ఉంటుంది. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, ఆ వీసాదారుల దగ్గర తుపాకీ ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దుకాణంలో అడుగుపెట్టాక చర్చ తరచుగా రెండు పిస్టళ్ల దగ్గరకే వచ్చి ఆగుతుంది: గ్లాక్ 19, సిగ్ సావర్ పి365. కాల్పుల సాధన చేసే రేంజ్‌లో కాల్చుకోవడానికీ, చొక్కా కింద పెట్టుకు తిరగడానికీ ఒక్కటే సరిపోవాలన్నది కొనేవాళ్ల ఆశ. చిక్కంతా ఆ 'ఒక్కటే' దగ్గరే వస్తుంది.

రెండూ కాల్చేది 9 మి.మీ. తూటానే. 1988లో వచ్చిన గ్లాక్ 19 బ్యారెల్ (గొట్టం) 102 మి.మీ., మేగజైన్‌లో (తూటాలు నింపే డబ్బాలో) 15 తూటాలు, ఖాళీ మేగజైన్‌తో బరువు సుమారు 670 గ్రాములు. 2018లో వచ్చిన పి365 బ్యారెల్ 79 మి.మీ. దాటదు, బరువు 500 గ్రాముల పైచిలుకు. అంత చిన్నదానిలో 10 తూటాలు పట్టించడమే దాని గొప్పతనం. అంతకుముందు ఆ సైజు పిస్టళ్లలో చాలావాటికి ఆరో ఏడో పట్టేవి.

దుకాణంలో చేతికి తీసుకుంటే పి365 ముద్దొస్తుంది. కాల్చి చూస్తే తేడా తెలుస్తుంది. తూటా ఒకటే కాబట్టి వెనక్కి తన్నే ఊపూ ఇంచుమించు ఒకటే. దాన్ని భరించాల్సిన పిస్టల్ మాత్రం తేలికైపోయింది. చిటికెన వేలికి ఆనుకోడానికి చోటు చాలదు. పిస్టల్ మీద గురి చూసుకునే ముందు గుర్తుకీ వెనక గుర్తుకీ మధ్య దూరం తగ్గింది కాబట్టి చేయి కాస్త వణికినా గురి కాగితం మీద పెద్ద తప్పుగా కనిపిస్తుంది. యాభై తూటాలయ్యేసరికి కొత్తవాళ్లకు అరచేయి మండుతుంది. ఆ తర్వాత రేంజ్‌కు వెళ్లడం నెమ్మదిగా తగ్గిపోతుంది. నాకు అసలు భయం అక్కడే. సాధన మానేసిన మనిషి నడుముకున్న పిస్టల్ అతనికి రక్షణ అని నేననుకోను.

అలాగని గ్లాక్‌ను మోయడం తేలికేమీ కాదు. తూటాలు నింపితే 850 గ్రాములు. ఎండాకాలం పల్చటి టీషర్టు కింద ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. మంచి బెల్టు, మంచి హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర) లేకపోతే నెల తిరక్కుండానే అది ఇంట్లో సొరుగులో పడుంటుంది.

ఉండే రాష్ట్రాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. టెక్సాస్‌లో మేగజైన్‌కు పరిమితి లేదు. న్యూజెర్సీలో 10 తూటాలకు మించకూడదు. అంటే ఆ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉండేవాళ్లు గ్లాక్ కొన్నా ఆ అదనపు అయిదు తూటాలు వాళ్లవి కావు, బరువు మాత్రం మోయాలి.

కొత్తవాళ్లకు దుకాణంలో అడగాలని తోచని విషయం ఇంకొకటి ఉంది. శుభ్రం చేయడానికి గ్లాక్‌ను విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట) తూటా మిగిలి ఉందేమో చూసుకోకపోతే, ఉన్నది పేలుతుంది. పి365ను ట్రిగ్గర్ ముట్టకుండానే విప్పవచ్చు. పైగా బొటనవేలితో వేసుకునే సేఫ్టీ ఉన్న రకం కూడా దొరుకుతుంది. ఇంట్లో పిల్లలుంటే ఏది కొన్నా తాళం పెట్టె కొనాల్సిందే, అందులో బేరం లేదు.

జీవితంలో ఒక్క పిస్టలే, అదీ మొదటిదే అయితే నేను గ్లాక్ 19 వైపే మొగ్గుతాను. కాల్చడం నేర్పేది అదే. చేయి కుదిరినవాళ్లు, రోజూ వెంట ఉంచుకునేవాళ్లు పి365 తీసుకుంటే కాదనను.

చాలా రేంజ్‌లలో రెండూ అద్దెకిస్తారు. ఒక్కోదానితో యాభై కాల్చండి. చివరి పది తూటాలకు మాత్రం కొత్త కాగితం పెట్టించుకుని, ఆ రెండు కాగితాలనే పక్కపక్కన పెట్టి చూడండి.