టెంటు కన్నా ముందు పాస్‌పోర్టు

అమెరికాలో మన తెలుగు అసోసియేషన్ కార్యక్రమాలు అయిపోయాక పార్కింగ్ లాట్‌లో నిలబడి గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటి ఈమధ్య ఎక్కువైంది. "ఇక్కడ లీగలే కదండీ, ఇంట్లో రెండు గంజాయి మొక్కలు వేసుకుంటే తప్పేంటి?" అడిగేది కుర్రకారు కాదు. నడుం నొప్పితో నిద్రపట్టని నలభై దాటినవాళ్లు, గులాబీలూ ఆర్కిడ్లూ పెంచేసి కొత్త మొక్క కోసం చూస్తున్నవాళ్లు. మనకేమో గంజాయి అన్న మాటే ఒక తిట్టు. మంచివాణ్ని మెచ్చుకోవాలన్నా గంజాయి వనంలో తులసి మొక్క అంటాం. అందుకని మన పత్రికలో ఎవరూ దీని గురించి రాయరు. అడిగేవాళ్లు వెళ్లి వీడియోలు చూస్తారు. అవి తీసేవాళ్లకి వీసా గొడవ లేదు కాబట్టి వాళ్ల మొదటి పాఠం లైటు. మన మొదటి పాఠం పాస్‌పోర్టు.

నేనూ పెంచాను. రెండు పంటలు వేశాను, ఒకటి పోయింది, ఒకటి దక్కింది. ఆ కథ తర్వాత చెబుతాను.

అమెరికాలో రాష్ట్రం ఒప్పుకుంటే దేశం ఒప్పుకున్నట్టు కాదు. 1970 నాటి కంట్రోల్డ్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్ అనే మత్తుమందుల చట్టం కింద ఇంట్లో గంజాయి మొక్క పెంచడం ఫెడరల్ నేరం. ఇమిగ్రేషన్ ఆఫీసర్ చూసేది ఆ చట్టాన్నే. 2019 ఏప్రిల్‌లో, సిటిజన్‌షిప్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ ఈ సంగతి విడమరిచి చెప్పింది: మీ రాష్ట్రంలో అది నేరం కాకపోయినా సరే, సిటిజన్‌షిప్‌కి కావలసిన సత్ప్రవర్తన అర్హతకి అది అడ్డు రావచ్చు. కేసు ఉండక్కర్లేదు, శిక్ష పడక్కర్లేదు. ఇంటర్వ్యూలోనో ఎయిర్‌పోర్టులోనో అడిగినప్పుడు "అవును, పెంచాను" అని ఒప్పుకోవడమే కొంప ముంచొచ్చు. పోనీ లేదని అబద్ధమాడితే అది ఇంకో నేరం.

కాబట్టి నా మాట సూటిగా చెప్పేస్తాను. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు, ఎఫ్1 మీద చదువుకుంటున్నవాళ్లు, గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నవాళ్లు, గ్రీన్‌కార్డు చేతికొచ్చినవాళ్లు కూడా ఈ మొక్క జోలికి పోవద్దు. ఒక్క మొక్క కూడా వద్దు. ఫోనులో ఫొటో కూడా వద్దు. అందరూ వేస్తున్నారు కదా అంటారు. వేసే పక్కింటాయన వీసా స్టాంపింగ్‌కి వెళ్లక్కర్లేదు, మీరు వెళ్లాలి.

సిటిజన్లయినా మీ ఊరి రూలు చదవకుండా విత్తనం కొనకండి. న్యూజెర్సీలో షాపుకెళ్లి కొనుక్కోవచ్చు గానీ ఇంట్లో ఒక్క మొక్క పెంచినా నేరమే. 2012లోనే చట్టబద్ధం చేసిన వాషింగ్టన్ రాష్ట్రంలోనూ సరదాకి పెంచుకోనివ్వరు. కాలిఫోర్నియాలో ఇంటికి 6. కెనడాలో 2018 నుంచి ఇంటికి 4, మనిషికి కాదు. క్యూబెక్ మాత్రం అసలు వద్దంది, 2023లో కెనడా సుప్రీంకోర్టు కూడా ఆ నిషేధాన్ని సమర్థించింది. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్లు తలా 3 మొక్కలు పెట్టుకోవచ్చు, పిల్లలకి అందకుండా. కానీ ఇంట్లో ఉంచుకోగలిగింది 50 గ్రాములే, ఒక్క మొక్క బాగా పూస్తే ఆ లెక్క దాటిపోగలదు. అన్నిటికన్నా నాకు నవ్వొచ్చేది ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా రూలు. అక్కడ 2020 నుంచి మనిషికి రెండు మొక్కలు వేసుకోవచ్చు, అయితే లైట్లు పెట్టి పెంచకూడదు. ఇంట్లో లైటు కింద మొక్క పెంచే టెంటు కొన్నవాడి గతి ఏంటో మరి. అద్దె ఇల్లయితే వీటన్నిటి మీద ఓనర్ మాట ఉండనే ఉంది.

ఇవన్నీ దాటుకుని వచ్చినవాళ్లకే ఇక్కణ్ణుంచి.

లైటు గురించి వీడియోల్లో గంటలు గంటలు చెబుతారు గానీ, నిజానికి తేలిగ్గా తేలిపోయే విషయం అదే. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు టెంటులో ఒక మొక్కకి 120 నుంచి 150 వాట్ల ఎల్‌ఈడీ చాలు. పెరిగే దశలో రోజుకి 18 గంటల వెలుగు, పూతకి తేవాలనుకున్నప్పుడు 12 గంటల వెలుగు, 12 గంటల కటిక చీకటి. టైమర్ కొని పెట్టేయండి, మీ జ్ఞాపకశక్తిని నమ్మకండి. ఆ చీకట్లో జిప్పు సందులోంచి రోజూ వెలుతురు పడుతుంటే మొక్క తికమకపడి ఆడ పూల మధ్య మగ పూలు వేస్తుంది, తర్వాత గింజలు పడతాయి. మామూలు విత్తనమైతే మగ మొక్క వచ్చే అవకాశం సగం. మనకి కావలసింది ఆడ మొక్క పూలు, అందుకే కొత్తవాళ్లు దాదాపు ఎప్పుడూ ఆడ మొక్కే వచ్చే ఫెమినైజ్డ్ విత్తనం తీసుకుంటారు. ఈ గంటల లెక్కే వద్దనుకుంటే ఆటోఫ్లవర్ రకాలున్నాయి, అవి వెలుగుతో పనిలేకుండా వాటి వయసుకి అవి పూస్తాయి.

నీళ్ల దగ్గర మన ప్రేమే మొక్కకి శత్రువు. రోజూ పోస్తాం. వేళ్లకి గాలి ఆడక ఆకులు బరువుగా వాలిపోతే, దాహమనుకుని ఇంకాస్త పోస్తాం. నాకు పనికొచ్చిన చిట్కా ఒకటే: కుండీ ఎత్తి చూడటం. నీళ్లు పోసిన వెంటనే ఒకసారి ఎత్తి ఆ బరువు గుర్తుపెట్టుకోండి. మళ్లీ ఎత్తినప్పుడు ఖాళీ కుండీలా తేలిపోతేనే పోయండి. మట్టిలో పెంచేటప్పుడు నీటి పీహెచ్ 6, 7 మధ్య ఉంటే ఇబ్బంది లేదు.

అసలు పరీక్ష గాలి. నా మొదటి పంట పోయింది అక్కడే. బేస్‌మెంట్‌లో టెంటు పెట్టాను, ఫ్యాన్ చిన్నది, తేమ 65 శాతం చూపిస్తున్నా "మొక్కే కదా, తేమ మంచిదే" అనుకున్నాను. పూత ఏడో వారంలో, అన్నిటికన్నా పెద్ద గుత్తిలో ఒకే ఒక్క చిన్న ఆకు ఎండి కనిపించింది. పట్టుకుంటే ఏ పట్టూ లేకుండా చేతిలోకొచ్చేసింది. గుత్తి విడదీశాను. పైన పచ్చగా, జిగటగా, నిగనిగలాడుతున్నది లోపల బూడిద రంగు దూదిలా ఉంది. కాస్త కదిపితే పొడి లేచింది. బోట్రైటిస్ అనే బూజు అది, ద్రాక్షకీ స్ట్రాబెరీకీ పట్టేదే. మిగతా గుత్తులు బాగున్నట్టే కనిపించాయి, అయినా మొత్తం సంచిలో కట్టి పారేశాను. బూజు పట్టినదాన్ని ఊపిరితిత్తుల్లోకి పంపే ధైర్యం నాకు లేదు. చిన్న మొక్కకి 65 శాతం తేమ మంచిదే, పూతలో మాత్రం 40, 50 మధ్య ఉండాలని అప్పుడు తెలిసింది.

ఆ గాలి ఫ్యానుకే కార్బన్ ఫిల్టర్ తగిలించాలి. పూత ముదిరాక వచ్చే వాసన మామూలుది కాదు, ఇల్లు దాటి పక్కింటి గుమ్మం దాకా వెళుతుంది. ఫ్యాను టెంటులోంచి గాలిని బయటికి లాగుతుంటే టెంటు గోడలు కాస్త లోపలికి పీక్కుపోయి కనబడతాయి. అలా కనబడితే వాసన ఫిల్టర్ గుండానే పోతున్నట్టు. గోడలు ఉబ్బి ఉంటే పక్కింటివాళ్లకి కబురు వెళ్లిపోయినట్టే.

కోసే రోజు కోసం భూతద్దం కావాలి. పూల మీద సన్నని గాజు పిన్నుల్లాంటి నూగు ఉంటుంది. అది గాజులా ఉన్నంత కాలం ఆగాలి, పాలలా మారాక, అక్కడక్కడ తేనె రంగు తిరుగుతున్నప్పుడు కోయాలి. ఆ తర్వాత చీకటి గదిలో, 18 డిగ్రీల దగ్గర, 60 శాతం తేమలో పది, పన్నెండు రోజులు తలకిందులుగా వేలాడదీయాలి. చాలామంది ఇక్కడ తొందరపడి హీటర్ పెడతారు, నాలుగు నెలల కష్టం ఎండుగడ్డి వాసనొస్తుంది. ఎండాక గాజు సీసాలు, మొదటి రెండు వారాలు రోజుకోసారి మూత తీసి పెట్టడం. సీసాలకి తాళం. పిల్లలున్న ఇంట్లో దీని మీద బేరం లేదు.

చట్టం నాలుగు వేసుకోమంది కదా అని నాలుగూ వేయకండి. ఒక్క మొక్కతో నేర్చుకున్నంత నాలుగింటితో నేర్చుకోలేరు, నాలుగింటి తేమని ఆపడం కొత్తవాళ్ల వల్ల కాదు.

రెండో పంట ఒకే మొక్క. బాగానే వచ్చింది. మూడోది వేయలేదు. మా మేనల్లుడు ఎఫ్1 మీద ఎమ్మెస్‌కి వచ్చి మా బేస్‌మెంట్‌లోనే ఉంటున్నాడు. వాడు దిగే వారం ముందే సీసాలతో సహా అంతా ఖాళీ చేసి, టెంటు కడిగి ఆర్కిడ్లు పెట్టాను. "మామయ్యా, ఆర్కిడ్లకి ఇంత పెద్ద ఫ్యాను దేనికి?" అని వచ్చిన రోజే అడిగాడు.