పెద్ద డంపర్ వస్తే బొగ్గు చవకైతదా?

(గోదావరిఖని. మామ బొగ్గు పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్‌ల డంపర్ నడిపి రిటైరైండు. మేనల్లుడు మైనింగ్ ఇంజినీర్, ఛత్తీస్‌గఢ్‌ల గెవ్రా గని చూసొచ్చిండు.)

అల్లుడు: మామా, గెవ్రాల 240 టన్నుల డంపర్లు నడుస్తున్నయ్, ఒక్క బకెట్‌కు 42 క్యూబిక్ మీటర్లు తవ్వి ఎత్తే షవల్‌తో నింపుతున్నరు. మన 100 టన్నుల బండ్లు రెండు మోసినా ఇంకా మిగుల్తది. డ్రైవర్ మాత్రం ఒక్కడే. టన్నుకు జీతం ఖర్చు సగానికంటే తక్కువైతది కదా?

మామ: అయితది, కాదన. బండి లైన్‌ల ఉన్నన్ని రోజులు.

అల్లుడు: రోడ్డు మీద బండ్లు తగ్గితే యాక్సిడెంట్లు కూడా తగ్గుతయ్.

మామ: అది నిజమే, నైట్ షిఫ్ట్‌ల ఆ రోడ్డు మీద ప్రాణం అరచేతుల పెట్టుకొని నడిపిన, నాకు తెల్వదా. కానీ లెక్క అక్కడ ఆపితే ఎట్ల రా. 20 బండ్లల్ల ఒకటి వర్క్‌షాపుల పడితే పని 20వ వంతు పోతది, అదే పని 8 పెద్ద బండ్లు చేస్తుంటే ఒకటి పడంగనే 8వ వంతు పోతది, ఇగ షవల్ ఆగిందా, బండ్లన్నీ లైన్ కట్టి నిలబడుడే. బండి వెడల్పైతే బండ్లు తిరిగే హాల్ రోడ్డు వెడల్పు చెయ్యాలె, దానికి గని గోడ వెనక్కి జరపాలె, అంటే ఒక్క పెళ్ల బొగ్గు రాకుండనే ఇంకింత ఓబీ (బొగ్గు మీదుండే మట్టి, రాయి) తీసి పొయ్యాలె, ఆ ఖర్చు డంపర్ కొటేషన్‌ల ఉండదు. ఇంకోటి, సీము (బొగ్గు పొర) నడుమ మట్టి పొరలుంటయ్, చిన్న బకెట్ వాటిని ఏరి పక్కకు పెడ్తది, పెద్ద బకెట్ అన్నీ కలిపి ఎత్తుతది, గ్రేడ్ పడితే రేటు పడ్తది.

అల్లుడు: ఓబీకి పెద్దవి, బొగ్గుకు చిన్నవి పెడ్తం. అప్పుడు?

మామ: ...అది మంచి మాట. అప్పుడు గ్రేడ్ ముచ్చట నేను తియ్య.

అల్లుడు: అసలు నీ బాధ డ్రైవర్ నౌకర్లు పోతయనే.

మామ: ఆ బాధ ఉంది, దాచుడెందుకు? మన ఓబీ చానా మటుకు కాంట్రాక్టర్లే తీస్తున్నరు, వాళ్ల టిప్పర్లు చిన్నయే, అయినా చవక అంటున్నరు. ఎందుకు చవక? డ్రైవర్‌కు తక్కువిస్తున్నరు కాబట్టి!

అల్లుడు: అది వేరే ముచ్చట మామా.

మామ: వేరే ఎట్లయితది? ఆస్ట్రేలియాల డ్రైవర్ జీతం పెద్దది, ఒక మనిషి తగ్గినా అక్కడ మస్తు మిగుల్తది. ఇక్కడ ఆ మిగులు చిన్నది, బండి ధర మాత్రం అక్కడా ఇక్కడా అంతే.

అల్లుడు: మరి ఏ సైజు కొనమంటవ్?

మామ: మనకున్న షవల్ నాలుగైదు బకెట్లల్ల నింపే సైజు. అంతకన్నా ముందు ఆ గనిల బొగ్గు ఇంకెన్నేండ్లకు వస్తదో చూడు, ఆరేడేండ్లకే అయిపోయే గనికి 240 టన్నుల బండి కొని ఏం చేస్తవ్?